వాక్యానికా, టీచరమ్మకా?

ముంతలోని బియ్యం చూసి చంద్రావతి నవ్వలేదు. ధనకోటి ముంతను ఇంకాస్త ముందుకు జరిపాడు.

"ఈ బియ్యం యాడివి?"

"మా ఇంటివే."

"మీ ఇంట్లో పొయ్యి యాడుంది?"

ధనకోటి తన గది చుట్టూ ఒకసారి చూశాడు. మంచం ఉంది, ట్రంకు పెట్టె ఉంది, గొడుగు ఉంది. పొయ్యి మాత్రం ఎంత వెతికినా కనబడే వస్తువు కాదు.

అది పంతొమ్మిది వందల ముప్పయ్యారో సంవత్సరం. తిరుత్తణి తెలుగు క్రైస్తవ సంఘంలో ఇంటింటికీ ఒక మట్టిముంత ఇచ్చారు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ కొలిచిన బియ్యంలోనుంచి ఒక పిడికెడు తీసి ఆ ముంతలో వేయాలి. శనివారం, సంఘానికి బైబిలు బోధించే ఉపదేశి దేవరాజులు గారి కూతురు చంద్రావతి గోనెసంచి పట్టుకుని వచ్చి పోగుచేస్తుంది. ఆ బియ్యం ఏ దిక్కూ లేని వాళ్ళకి గంజి అవుతుంది. వాళ్ళు ఏ మతం వాళ్ళయినా సరే.

రైల్వే స్టేషన్లో బుకింగ్ క్లార్కు ధనకోటి ఆరంబాక్కం వాడు. పుట్టుకతో క్రైస్తవుడే గాని, అతని బైబిలు చాలా కాలంగా పెట్టె అడుగున పంచెల కింద హాయిగా నిద్రపోతూ ఉండేది. క్రిస్మస్ నాడు గుళ్ళో చంద్రావతి పాట విన్నాడు. బైబిలు లేచి కూర్చుంది. గురువారం గురువారం ఉపదేశి గారింట్లో జరిగే బైబిలు స్టడీకి అందరికంటే ముందు చెప్పులు విడిచేది ధనకోటే. ముంత కూడా అడిగి తీసుకున్నాడు.

"హోటల్లో తింటా ఉండాను లెండి," అని ఒప్పుకున్నాడు. "కానుక తక్కువ కాకూడదని అంగట్లో మేలు రకం కొని నిండా పోసినాను."

"ముంత నింపమని ఎవురు చెప్పినారు? మీరు తినే కూటిలో పిడికెడు తగ్గాల. మీకేం తగ్గింది?"

ఆ నిమిషానికి మర్యాద ఒక్కటే తగ్గింది. కానీ ఆ మాట పైకి అనలేదు.

"ఇంకొకటి అడుగుతాను," అంది చంద్రావతి. మిషన్ స్కూల్లో టీచరు కదా, అడిగే తీరే వేరు. "గురువారం మీరు వచ్చేది దేవుని వాక్యానికా, నా కోసరమా?"

"వాక్యానికే!"

"పోయిన గురువారం ఏం చదివినాము?"

ధనకోటికి ఆమె కట్టుకున్న నీలంరంగు చీర జ్ఞాపకం ఉంది. పేజీ తిప్పేటప్పుడు పెదవి కొరుక్కోవడం జ్ఞాపకం ఉంది.

"గొర్రెలు... గొర్రెల సంగతి."

"అవి పోయిన నెల గొర్రెలు."

ఆమె సంచి నోరు బిగించి కట్టింది. "మొగం మీదే చెప్తా ఉండాను, తప్పుగా అనుకోవద్దండి. నాయన నాకు సంబంధాలు చూస్తా ఉండారు. నన్ను చూసేదానికి బైబిలు చంకలో పెట్టుకుని వచ్చేవాళ్ళని నేను చేసుకోను."

అంత కోపంలోనూ బియ్యం మాత్రం వదిలిపెట్టలేదు. మొత్తం సంచిలో పోసుకునే పోయింది.

మర్నాడే ధనకోటి పొయ్యి కొన్నాడు. మొదటి రోజు అన్నం అడుగున బొగ్గు, పైన పలుకు. అయినా వండే ముందు పిడికెడు తీశాడు. పలుకు నములుతూ ఉంటే మొట్టమొదటిసారి అనిపించింది, ఈ పిడికెడు లేక తనకు ఆకలి తీరలేదు గాని, దీంతో ఎవరి ఆకలో తీరుతుందని. ఆ ఆలోచనకి తనే ఆశ్చర్యపోయాడు.

ఇక అంతా బాగుపడుతుందనుకునేలోగా, ఒక పొద్దున టికెట్ కిటికీలో చంద్రావతి మొహం కనబడింది.

"తిరువళ్లూరికి ఒకటి."

"రిటర్నా?"

"కాదు."

ధనకోటి చేతిలో టికెట్ అట్లాగే నిలిచిపోయింది. "యాడికి... అంటే, ఎన్నాళ్ళకి?"

"ఆడ స్కూల్లో టీచరమ్మ కాన్పుకి పోయినారు. ఆమె వచ్చేదాకా నేను చెప్పాల."

"మరి గురువారాలు?"

"నాయన ఉండారు గదా. వాక్యం నాతోకూడా రైలెక్కదు." గొంతు కొంచెం తగ్గించి, "కొండ దారిలో రంగనాయకమ్మవ్వ ఉంది. పొద్దున్నే గంజి పోయాల. ఎవురన్నా..." అంది.

"నేను పోస్తాను."

"ఆమె నోరు మంచిది కాదు."

"నా వంటా అంతే లెండి."

చంద్రావతికి నవ్వు వచ్చింది. దాన్ని దాచుకోవడానికి ప్లాట్‌ఫారం వైపు గబగబా వెళ్ళిపోయింది.

ఆ గురువారం వాన కుండపోతగా కురిసింది. కుర్చీలో ఆమె ఉండదు. పోవాలనిపించలేదు. పోకపోతే ఆమె అడిగిన మాటకి జవాబు ఇచ్చినట్టే. గొడుగు తీసుకుని బయల్దేరాడు.

ఉపదేశి గారు, ఇద్దరు ముసలమ్మలు ఉన్నారు. దేవరాజులు గారికి కళ్ళు మందగించాయి. "చదువబ్బాయా," అన్నారు. అరవంలో చదువుకున్న ధనకోటి తెలుగక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు. గురువు నడుముకి తువ్వాలు చుట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగే భాగం అది. చదవడం పూర్తయ్యేసరికి చెమట పట్టింది.

మర్నాడు పొద్దున గంజి తీసుకుపోతే రంగనాయకమ్మ ఇంట్లో పాదాలు దిగబడే బురద.

"ఉప్పు యాడబ్బా దీంట్లో? కాళ్ళు చూడు, వానకి పాచి పోయినాయి."

ధనకోటి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. వేళ్ళ సందుల్లో బురద మెల్లగా కడిగాడు. రాత్రి తను చదివింది అప్పుడు తెలిసింది. చదివినప్పుడు చెమట పట్టిందే గాని అర్థం కాలేదు.

అవ్వ వింతగా చూసింది. "మీ సామి ఇట్ల కాళ్ళు కడగమన్నాడా?"

"చెప్పేదానికి ముందర ఆయనే కడిగినాడవ్వా."

ఆమె రెండో కాలు కూడా ముందుకు చాపింది. తర్వాత, "సరి సరి. అయితే రేపు వేణ్ణీళ్ళు తీసకరా," అంది.

వేణ్ణీళ్ళు తీసుకుపోతూనే ఉన్నాడు. ఒక గురువారం స్టడీ ముగించి ఇంటికి నడుస్తూ, ఆ సాయంత్రం చంద్రావతి కుర్చీ వైపు ఒక్కసారి కూడా చూడలేదని గుర్తొచ్చింది. నడిరోడ్డు మీద నిలబడిపోయాడు. ప్రేమ ఏమైనా తగ్గిందేమోనని కంగారుపడ్డాడు. ఆమె పేరు లోలోపల ఒకసారి అనుకుని చూసుకున్నాడు. తగ్గలేదు. హమ్మయ్య అనుకుని నడిచాడు.

వానలు తగ్గుముఖం పట్టిన ఒక పొద్దున, వేణ్ణీళ్ళ చెంబుతో అవ్వ వాకిట్లోకి వచ్చేసరికి లోపల్నుంచి మాటలు వినిపించాయి.

"ఆ టేషను అబ్బికి గంజి కాసేది రాదమ్మా. అయితే వచ్చేది మాత్రం మానడు."

చంద్రావతి బయటికి వచ్చింది. సన్నటి తుంపర. ఇద్దరూ చూరు కింద నిలబడ్డారు.

"ఎప్పుడొచ్చినారు?"

"రాత్రి బండికి." ఆమె చెంబు వైపు చూసింది. "వేణ్ణీళ్ళా?"

"అవ్వ ఆర్డరు." ధనకోటి చెంబు గడప మీద పెట్టాడు. "ఒక మాట చెప్పాల. ఆపొద్దు నేను మీతో అబద్ధం చెప్పినాను. వాక్యానికి కాదు, మీ కోసరమే వచ్చినాను."

"ఇప్పుడు?"

"ఇప్పుడు మీరు వద్దన్నా గురువారం వస్తాను. మీ ఎదురుగా కూర్చునేది కష్టంగా ఉంటాది. అయినా వస్తాను. నన్ను చేసుకుంటారా?"

చంద్రావతి చూరు నీళ్ళు అరచేతిలో పట్టింది, వదిలింది.

"నేను తిరువళ్లూరికి ఎందుకు పోయినానో తెలుసా? ఎవురూ పొమ్మనలా. నేనే అడిగి పోయినాను."

"ఎందుకు?"

"గురువారం చదవతా ఉంటే నా కండ్లు వాకిలి మీదనే ఉండేవి. మీరు కొంచెం లేటయితే ప్రార్థనలో మాట తప్పిపోతా ఉండె. మిమ్మల్ని అంత గట్టిగా అడిగినాను గదా, ఇంటికి పోయినంక ఆ ప్రశ్న నన్నే కూచోబెట్టి అడిగింది."

ధనకోటి చూరు కిందికి ఇంకాస్త జరిగాడు.

"ఆడికి పోయినంక వాక్యం మీద మనసు నిలిచింది," అంది ఆమె, తల వంచుకుని. "మీరు మాత్రం మనసులోనించి దిగలా. ఇంక రెండూ ఉండనీ అనుకునే వచ్చేసినాను."

లోపల్నుంచి అవ్వ కేక వేసింది. "నీళ్ళు సల్లారిపోతా ఉండాయబ్బా!"

ఆ సాయంత్రం ఇద్దరూ దేవరాజులు గారి ముందు నిలబడ్డారు. ధనకోటి మొత్తం చెప్పాడు. అంగడి బియ్యం సంగతి కూడా దాచలేదు. ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"నాకు కండ్లు మందమే గాని చెవులు బాగానే ఉండాయి," అన్నారు చివరికి. "ఈ అబ్బాయి చదివేది వింటా ఉండాను గదా. మొదట్లో అక్షరాలు చదివినాడు. ఇప్పుడు వాక్యం చదవతా ఉండాడు. నాకు సమ్మతమే. అయితే ఒక షరతు."

ధనకోటి ఒక అడుగు ముందుకేశాడు.

"పెండ్లి ఏ వారమన్నా పెట్టుకోండి, గురువారం మాత్రం వద్దు. మీరిద్దరూ పెండ్లికొడుకు, పెండ్లికూతురయి కూచుంటే, ఆ ముసలోళ్ళకి చదివేది ఎవురు?"