ఏడో మెట్టు

"ఈసారి నీకు వేషం అక్కర్లేదు," అన్నాడు చీఫ్.

ఏజెంటుకు తల కొట్టేసినట్టయింది. పదిహేనేళ్ల సర్వీసులో ముష్టివాడి నుంచి మంత్రిగారి వంటవాడి దాకా అతను వెయ్యని వేషం లేదు. ఆరు నెలల కిందట గుండె లయ తప్పితే, ఎడమ భుజం కింద డిఫిబ్రిలేటర్ పెట్టి కుట్టేశారు. గుండె అదుపు తప్పితే అదే షాక్ కొట్టి దారికి తెస్తుంది. ఇప్పుడు రోగి వేషానికి డిపార్ట్‌మెంటుకు అసలు రోగే దొరికాడు.

"రాడార్ ప్రొఫెసర్‌కీ అదే మెషిన్ ఉంది. ఇవాళ ఆసుపత్రిలో పేషెంట్ల మీటింగ్. విదేశీ ముఠా అక్కడే ఆయన్ని లేపేసి, గుండెపోటని నమ్మించాలని చూస్తోంది. లోపల మన మనిషుంది. నెల కిందటే మెషిన్ పెట్టించుకుంది. తను 'బ్యాటరీ ఎన్నేళ్లొస్తుందట?' అంటుంది. నువ్వు 'మనవరాలి పెళ్లిదాకా' అనాలి. కారు మీ బావ నడుపుతాడు."

ఆ ఆఖరి మాటే గుచ్చుకుంది. మూడు నెలల కిందట, అక్క మొగుడూ తనూ ఒక గూఢచారిని మెట్ల మీద తరిమారు. ఏడో మెట్టు మీద తను ఆగిపోయాడు. బావ ఒక్కడే పైకెళ్లి మోకాట్లో తూటా తిన్నాడు. 'షాక్ కొట్టి పడిపోయాను' అని రిపోర్టు రాశాడు ఏజెంటు. సాక్షిగా బావ సంతకం పెట్టాడు. షాకూ లేదు, పాడూ లేదు. గుండె దడదడలాడేసరికి షాక్ కొడుతుందేమోనని భయపడ్డాడు, అంతే. గుండె వేగం పెరిగిన ప్రతిసారీ మెషిన్ లోపల రాసుకుంటుందట. అందుకే ఆ రోజు నుంచి చెకప్ మొహం చూడలేదు.

"షాక్ మళ్లీ రాలేదు కదరా?" కార్లో ప్రేమగా అడిగాడు బావ.

"లేదు బావా." తేలు కుట్టిన దొంగలా కిటికీ వైపు తిరిగాడు.

హాల్లో అడుగుపెట్టగానే ఒక పెద్దాయన పలకరించాడు. "బ్యాటరీ ఎన్నేళ్లొస్తుందట?"

"మనవరాలి పెళ్లిదాకా."

"అలాగా, ఎన్నో క్లాసు చదువుతోంది?"

ఆ గదిలో అందరూ అడిగే ప్రశ్నే అది. అలా అడిగిన నాలుగో మనిషి, ఆకుపచ్చ చీర సుందరి మాత్రం జవాబు విని కన్ను గీటింది.

"ప్రొఫెసర్‌గారిని చెకప్‌కి నేను తీసుకెళ్తా. మీరు గుమ్మం చూసుకోండి," అంది. ఆయనకి మంచినీళ్లిచ్చి, చెయ్యి పట్టుకుని లిఫ్టెక్కించింది.

తలుపులు మూసుకుంటుండగా కనబడింది. బరువైన హ్యాండ్‌బ్యాగు పట్టీ, ఆమె ఎడమ భుజాన్ని కోసేస్తూ. ఆరు నెలలైనా అక్కడ సీటుబెల్టు తగిలితే తనకి ప్రాణం పోతుంది. నెల కిందటి కుట్టు మీద ఎవరూ అంత బరువు వెయ్యరు. ఆమె లోపల మెషినూ లేదు, ఆమె మన మనిషీ కాదు.

లిఫ్టు పైకెళ్లిపోయింది. మిగిలింది మెట్లే.

ఏడో మెట్టు మీద గుండె దడ మొదలైంది. గుమ్మడికాయల దొంగలా చెయ్యి దానంతటదే భుజం తడుముకుంది. కర్ర పట్టుకు నడిచే బావ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు. కొడితే కొట్టనీ అనుకుని పరిగెత్తాడు.

మూడో అంతస్తులో ప్రొఫెసర్ బెంచీ మీద తేలగిలబడి ఉన్నాడు. ఓదారుస్తున్నట్టు ఆమె బ్యాగుని ఆయన ఛాతీకి అదిమి పట్టింది. ఏజెంటుకు అప్పుడర్థమైంది. నీళ్లలో గుండె లయ తప్పించే మందు, బ్యాగులో పెద్ద మాగ్నెట్. అది మీదున్నంతసేపూ మెషిన్ షాక్ ఇవ్వదు.

ఏజెంటు బ్యాగు లాగేశాడు. ఒక క్షణం, రెండు క్షణాలు. మెషిన్ షాక్ కొట్టి ప్రొఫెసర్ ఎగిరిపడి, "అమ్మా" అన్నాడు. నర్సులు పరిగెత్తుకొచ్చారు. సుందరికి తగిలించబోయిన బేడీలు ముందు బ్యాగుకు అతుక్కున్నాయి. సంకేతం రాబట్టి కట్టేసిన మన అసలు మనిషి పక్క స్టోరు గదిలో దొరికింది.

"మీరూ రండి, చూస్తాను," అంది మెషిన్లు చెకప్ చేసే టెక్నీషియన్. తప్పించుకునే దారి లేదు. అప్పటికే బావ లిఫ్టులో వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఇవాళ గుండె వేగం నూట అరవై. పరిగెత్తారు కదా, మామూలే. మూడు నెలల కిందట ఒకరోజు నూట యాభై. అదీ మామూలే. మెషిన్ పెట్టినప్పట్నుంచి ఒక్క షాకూ ఇవ్వలేదండీ."



"భయమేసింది బావా," అన్నాడు ఏజెంటు, నేల చూస్తూ.

"తెలుసురా. షాక్ కొట్టినవాడు రెయిలింగ్ పట్టుకుని నిలబడడు. పైనుంచి చూశాను."

"మరి రిపోర్టు మీద సంతకం ఎందుకు పెట్టావు?"

"నువ్వే చెప్తావనుకున్నా. మూడు నెలలు పట్టింది."

అంతకంటే నాలుగు తన్నినా బాగుండేది. ఏజెంటు తలెత్తలేకపోయాడు. బావ కర్రతో అతని బూటు మీద మెల్లగా తట్టాడు. "మళ్లీ మూడు నెలలకి చెకప్. ఈసారి తప్పించుకోకు."

"ఎక్కడికి తప్పించుకుంటాను బావా? కాపలావాణ్ని లోపలే పెట్టి కుట్టేశారు."