వదినకు రెండు హెచ్‌లు

సెలూన్‌లో తుపాకి పేలి అద్దం పగిలిన చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. షాంపూ సీసాలు అమ్ముకునే మనిషి వేషంలో అప్పుడే మెట్లెక్కుతున్న గూఢచారి తూనీగ, సంచీ అక్కడే పడేసి లోపలికి దూకింది. కాల్చినవాడు వెనక తలుపులోంచి ఉడాయించాడు. గూఢచారి శాఖకు ఏళ్ళ తరబడి సమాచారం చేరవేసిన బార్బర్, తను రోజూ జనాన్ని కూర్చోబెట్టే కుర్చీలోనే ఒరిగిపోయి ఉన్నాడు.

"వదిన..." అన్నాడు. ఊపిరి కూడదీసుకుని, "మెయిల్లో... వదిన" అన్నాడు. అంతటితో ప్రాణం పోయింది.

తూనీగ ఆ మాట వైర్‌లెస్‌లో చెప్పి ఆఫీసుకు చేరేసరికి శాఖ డిప్యూటీ అప్పటికే మనుషుల్ని ఊరి మీదికి ఉరికించాడు. చచ్చిపోయినవాడి వదిన ఏ మూల ఉన్నా పట్టుకు రావాలట. చెట్టంత ఏజెంట్లు ఇల్లిల్లూ తిరిగి, "మీరు ఎవరికైనా వదినా?" అని అడుగుతున్నారు. చీవాట్లు తిని వస్తున్నారు.

"ఆయనకి అన్న లేడు, పెళ్ళి కాలేదు. వదిన ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది సార్? అది కోడ్‌వర్డ్" అంది తూనీగ.

శాఖ అధిపతి పెద్దాయన కళ్ళద్దాలు తీసి డిప్యూటీ వైపు చూశాడు.

"మెయిల్ ఆర్కైవ్ మొత్తం నేనే స్వయంగా వెతికాను సార్. 'వదిన' అని కొడితే రిజల్ట్ సున్నా" అన్నాడు డిప్యూటీ.

తూనీగకు అన్న గుర్తొచ్చాడు. బార్బర్ గుట్టు లాగుతున్న విదేశీ ముఠా బాస్ దగ్గర తన సొంత అన్న, శాఖ తరఫున, డ్రైవర్‌గా దూరి ఉన్నాడు. శాఖలోనే ఉండి బార్బర్‌ని పట్టిచ్చినవాడు అన్నని మాత్రం వదిలిపెడతాడా? ఈ మధ్యాహ్నం అన్న బాస్‌ని ఊరి బయట గోడౌన్‌కు తీసుకువెళ్ళాలి. అక్కడ కాపు కాసి ఉంటే మటుకు ప్రాణాలతో తిరిగి రాడు.

"అన్నని వెనక్కి పిలవండి సార్."

"ఉత్త అనుమానం మీద పిలిస్తే ముఠా మొత్తం చేజారుతుంది. ఆధారం చూపించు, ఆ క్షణమే పిలుస్తా" అన్నాడు పెద్దాయన.

"ఆధారం ఎక్కణ్ణుంచి తెస్తుంది సార్? పాత మెయిల్సన్నీ లంచ్ టైమ్‌కి పర్జ్ అయిపోతాయి, శాశ్వతంగా చెరిగిపోతాయి. పాతవి దాచకూడదని రిటెన్షన్ పాలసీ" అన్నాడు డిప్యూటీ, గొంతులో తేనె పోసుకుని. "అమ్మాయి కలత పడి ఉంది. ఇంటికి పంపిద్దాం."

"ఇంటికెళ్ళమ్మా. ఇది ఆర్డర్" అన్నాడు పెద్దాయన.

తూనీగకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికెళ్ళి ఏం చేయాలి, అన్న ఫోటోకి దుమ్ము తుడవాలా? లిఫ్ట్‌లో గ్రౌండ్ ఫ్లోర్ మీట నొక్కాల్సిన వేలు దాని కింది మీట నొక్కింది. సర్వర్ రూమ్ బేస్‌మెంట్‌లో ఉంది.

తలుపు తీసే ఉంది. కన్సోల్ ముందు కుర్చీలో కాలు మీద కాలేసుకుని పగడం కూర్చుంది. ఎర్ర చీర, నల్ల కళ్ళద్దాలు. ముఠాకీ శాఖకీ రెండింటికీ వార్తలు మోసే డబుల్ ఏజెంట్.

"నువ్వెవరి వైపు?" అంది తూనీగ, పిస్టల్ మీద చెయ్యేసి.

"ఎవరు గెలిస్తే వాళ్ళ వైపు. పర్జ్ అయ్యేదాకా ఇక్కడే కూర్చోమని ముఠావాళ్ళు పంపించారు." పగడం లిప్‌స్టిక్ మూత తిప్పింది. అందులోంచి సర్వర్ తాళం తీసే అడ్మిన్ కీ బయటికి తీసి కన్సోల్‌లో గుచ్చింది. "నువ్వు టైప్ చేస్తుంటే ఆపమని మాత్రం ఎవరూ చెప్పలేదు అమ్మడూ. ఆ బార్బర్ నా జుట్టు కూడా కత్తిరించేవాడు. మంచివాడు."

తూనీగ సెర్చ్ తెరిచింది. మన వాళ్ళు మెయిల్లో తెలుగును ఇంగ్లీషు అక్షరాలతోనే రాస్తారు కదా. వి, ఏ, డి, ఐ, ఎన్, ఏ. సున్నా. డి పక్కన ఒక హెచ్ పెట్టింది. సున్నా. ఈ రాతలో వదినను ఎలా రాయాలో ఏ బడీ నేర్పలేదు. ఎవరి వదిన వాళ్ళది. పై దేశం నుంచి కొనుక్కొచ్చిన ఆ సెర్చ్ యంత్రానికి అక్షరం తేడా వస్తే వదిన కాస్తా ఎవరో పరాయి మనిషి.

"నోటితో ఎలా అంటాం?" అని తనలో తనే అనుకుంది. "వొదిన!"

మొదటి ఏ తీసేసి ఓ పెట్టింది. డి తరువాత నక్షత్రం గుర్తు పెట్టింది, అక్కడ ఏమున్నా తెమ్మని. తెర మీదికి మెయిల్స్ వచ్చాయి. అన్నీ పోయిన గొడుగుల ఫిర్యాదుల కోసం పెట్టిన మెయిల్‌బాక్స్ నుంచి వెళ్ళినవే. ఆఫీసులో ఎవరూ కన్నెత్తి చూడని పెట్టె అది. చివరిదాంట్లో ఇలా ఉంది: "వొదిన మాట. డ్రైవర్ మన చుట్టం కాదు, వాళ్ళ చుట్టం. గోడౌన్‌లో మర్యాద చేయండి."

రాసినవాడి పేరు లేదు. కానీ వొదినలో డి పక్కన ఒకటి కాదు, రెండు హెచ్‌లు ఉన్నాయి. తూనీగ డి, హెచ్, హెచ్ అనే ఆ మూడక్షరాలనే మొత్తం ఆర్కైవ్‌లో వెతికింది. దయచేసి, దగ్గర, దండాలు... ద వచ్చిన ప్రతిచోటా రెండేసి హెచ్‌లు. గొడుగుల పెట్టె కాకుండా అలా రాసే మనిషి శాఖలో ఒక్కడే ఉన్నాడు.

అంతలో గార్డులతో ఆ మనిషే దిగాడు.

"లే అక్కణ్ణుంచి!" అన్నాడు డిప్యూటీ.

"లేవను."

"ఉద్యోగం పోతుంది."

"పోనీండి. మా అన్న పోకూడదు."

డిప్యూటీ నవ్వి గడియారం చూసుకున్నాడు. తెర మీద పర్జ్ మొదలైంది. పచ్చ గీత జరజరా పాకుతోంది. పాత మెయిల్స్ ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. తూనీగ ఆ మెయిల్స్ అన్నిటినీ ఎంచి, చెరపకుండా ఆపే లీగల్ హోల్డ్ నొక్కింది. గార్డు ఆమె జబ్బ పట్టి లాగాడు. రెండో చేత్తో కుర్చీని కరుచుకుని, మోచేత్తో ఎంటర్ గుద్దింది.

పచ్చ గీత ఆగింది. 'హోల్డ్‌లో ఉన్న మెయిల్స్‌ను తొలగించడం కుదరదు' అంది తెర.

"పెద్దాయనకి ఫార్వర్డ్ చేశాలే, నువ్వు పెనుగులాడుతుంటే" అంది పగడం, గోళ్ళు చూసుకుంటూ.

స్పీకర్ గరగరలాడింది. అందులోంచి పెద్దాయన గొంతు వచ్చింది. "డ్రైవర్‌కి కబురు పంపండి. గోడౌన్ గేటు ముందే బండి ఆపి దూకెయ్యమనండి. ఆ డిప్యూటీని కదలనివ్వకండి."

జబ్బ పట్టుకున్న గార్డే వెళ్ళి డిప్యూటీ జబ్బ పట్టుకున్నాడు. కాసేపటికి వైర్‌లెస్‌లో అన్న గొంతు వినిపించింది, రొప్పుతూ: "మోకాలు చీరుకుపోయిందే చెల్లీ. బతికే ఉన్నా." తూనీగ అప్పుడు ఏడ్చింది. దాచుకోకుండా ఏడ్చింది.

మర్నాడు పెద్దాయన కారిడార్‌లో ఆపాడు. "ఆర్డర్ ధిక్కరించినందుకు సంజాయిషీ ఇమ్మని నీకు మెయిల్ పెట్టాను. జవాబేదీ?"

"ఆర్కైవ్‌లోకి పోయినట్టుంది సార్" అంది తూనీగ. "వెతకాలి."