ఒక్క జత గ్లవ్స్

విషం చుక్క మీద పడిన రోజు కెమిస్టు వెంకటరత్నం చేతులకు గ్లవ్స్ ఉన్నాయి. అయినా నలభయ్యో రోజున తెనాలి ఆసుపత్రిలో కన్నుమూశాడు. అది 2004.

“గ్లవ్స్ వేసుకున్నాడుగా సార్?” అడిగాడు ఏజెంట్ ఫహీం.

“పనిలో పెట్టుకున్నవాళ్లు లేటెక్స్‌వి, పల్చటి రబ్బరువి ఇచ్చారయ్యా. ఆ ద్రవానికి అవి జల్లెడతో సమానం,” అన్నాడు చీఫ్ పాండురంగారావు. “వాళ్లదో విదేశీ ముఠా. రేపల్లెలో రొయ్యల మేత ల్యాబ్ అని బోర్డు పెట్టుకుంది. శుక్రవారం నాలుగింటికి ఆ విషం సీసా పడవెక్కుతుంది. ఎక్కకూడదు. లోపల కెమిస్టు సిమ్రాన్ ఉంది. తమ మనిషే అనుకుంటున్నారు వాళ్లు. కాదు, మన మనిషి. కోడ్ వర్డ్ ‘ఎండుచేప’.”

శుక్రవారం. ల్యాబ్ అటెండర్ వేషంలో ఫహీం, జేబులో కెమెరా పెన్ను. ఖరీదైన సెంటు వాసనతో సిమ్రాన్ దగ్గరికొచ్చింది.

“ఎండుచేపలు తెచ్చావా భాయ్?”

“వానకి తడిసిపోయాయి మేడం.”

మూడూ యాభై. బయట పోలీసు జీపు ఆగింది. ముఠా నాయకుడు మార్టిన్ కిటికీలోంచి చూశాడు. సాక్ష్యం మిగలకుండా సీసాను సింకులోకి తోసి, వెనక తలుపులోంచి పరుగెత్తాడు. మూత పగిలింది. ద్రవం సింకు రంధ్రం వైపు జారుతోంది. ఆ గొట్టం పోయేది ఊరి మంచినీళ్ల కాలవలోకే.

ఫహీం బల్లమీది నీలం గ్లవ్స్ అందుకున్నాడు.

“ముట్టుకోకు!” అరిచింది సిమ్రాన్. “అవి నైట్రైల్. వేరే కెమికల్స్‌కి సరిపోతాయి గాని దీన్ని ఆపలేవు.”

“మరేంటి వేసుకోవాలి?”

“లామినేట్‌వి, పొరలు పొరలుగా అతికినవి. ఒక్క జతే ఉంది. నేనే వేసుకున్నాను.”

ఆమె సీసా నిలబెట్టి, దూదిమెత్తతో రంధ్రం మూసింది. ఫహీం రెండడుగుల దూరంలో నిలబడిపోయాడు. తుపాకీ ఉంది, కాల్చడానికేమీ లేదు. పన్నెండేళ్ల ట్రైనింగ్‌లో చేతులు కట్టుకుని చూడ్డం ఎవరూ నేర్పలేదు. రంధ్రానికి వెంట్రుకవాసిలో చివరి చుక్క మెత్తలోకి ఇంకింది.

ఆమె మణికట్టు వెలుతురుకు తిప్పి చూసుకుంది. గ్లవ్ అంచు చిరిగి ఉంది.

“తగిలిందా?”

“తెలీదు. మంట పుట్టదు, నొప్పి పుట్టదు. నెల దాకా ఏమీ తెలీదు.”

ఫహీం ఆమె చేతికింద టబ్బు పెట్టి, బకెట్ల కొద్దీ నీళ్లు పోశాడు. పోస్తూనే ఉన్నాడు. అంతకుమించి అతనికేమీ చేతకాలేదు.

మార్టిన్ పడవ మీద దొరికాడు. బాపట్ల ఆసుపత్రిలో సిమ్రాన్ రక్తం తీసి పరీక్షకు పంపారు. నర్సు జ్ఞానమ్మ ఫారం నింపుతోంది.

“ఉద్యోగం ఏంటమ్మా?”

సిమ్రాన్ ఫహీం వైపు చూసింది.

“రెండున్నాయండి.”

“గడి చిన్నదమ్మా, ఒకటే పట్టుద్ది.”