రేడియేటర్ తాగిన నీళ్ళు

తెనాలిలో నా షెడ్డుకి వచ్చే ప్రతి డ్రైవరుకీ ఒకటే మాట చెప్పేవాణ్ణి. బండిలో ఉన్న నీళ్ళ డబ్బా ఇంజన్‌ది, కన్నతల్లి అడిగినా చుక్క ఇవ్వొద్దని. ఊరికే చెప్పలేదు. వయసులో ఉండగా నేనూ లారీ తోలాను. ఎండలో ఎవరో అడిగితే జాలిపడి డబ్బా మొత్తం ఇచ్చేశాను. రెండు మైళ్ళు పోకుండానే ఇంజన్ పట్టేసింది. యజమాని గెంటేశాడు. ఆ ఏడు మా ఇంట్లో పొయ్యి రాజని రోజులే ఎక్కువ. జాలి గురించి నాకెవరూ పాఠాలు చెప్పక్కర్లేదు.

డెబ్భై ఏడు ఉప్పెన తర్వాత వచ్చిన మాఘంలో మస్తాన్‌రావు తన పాత వ్యాను తీసుకొచ్చాడు. వాడిది నిజాంపట్నం వైపు. పడవా వలలూ ఉప్పెనలో పోయాయి. మిగిలింది, మిలటరీ వాళ్ళు వేలం వేస్తే కొన్న ఆ వ్యాను ఒక్కటే. రేవులో చేపలు ఎత్తి రేపల్లెలో దించితేనే వాడి ఇంట్లో నలుగురూ తినేది.

ఆ వ్యానుకి ఎర్ర బల్బు పెట్టింది నేనే. రేడియేటర్ పై తొట్టిలో డొల్ల ఇత్తడి గుండు తేలుతూ ఉంటుంది. నీళ్ళు తగ్గితే గుండు దిగి, స్టీరింగ్ దగ్గర బల్బు వెలుగుతుంది.

"నీళ్ళు నిండుగా ఉన్నా వెలుగుతోంది బాబాయ్," అన్నాడు. దారిలో ఆగి చూసుకునేసరికి చేప మెత్తబడుతోందట. ఇంకొక్కసారి ఆలస్యమైతే సరుకు వేరే బండికిస్తానని షావుకారు తేల్చి చెప్పాడట.

గుండు తీసి చూశాను. చిల్లు లేదు. ఒకచోట వైరు పైతొడుగు లేచి బానెట్‌కి రాసుకుంటోంది. అదే రోగం అనుకుని కొత్త వైరు వేసి, గంటసేపు ఇంజన్ ఆడించాను. బల్బు వెలగలేదు. ఇంటికెళ్ళి నిద్రపొమ్మన్నాను.

వాడు కదల్లేదు. ఇక్కడ వెలగదట. నగరం అనే ఊరు దాటాక సరుగుడు తోట దగ్గరే వెలుగుతుందట. దారి చూసి వెలిగే బల్బు నేను చెయ్యలేదురా అని తిట్టి, రెండు డబ్బాల నీళ్ళు వేయించి నేనూ బండెక్కాను.

భట్టిప్రోలు, రేపల్లె దాటాం. నగరం దాటేసరికి పొద్దు గుంకింది. పొలాల్లో ఉప్పుకి మాడిన గడ్డి. బురద వాసన, దాని కింద ఇంకేదో వాసన... మూడు నెలలైనా పోని వాసన. సరుగుడు చెట్ల మధ్య గాలి సన్నగా ఈల వేస్తోంది.

బల్బు వెలిగింది.

బండి ఆపించాను. మూత మీద గోనెపట్టా వేసి మెల్లగా తిప్పాను. నీళ్ళు అంచుదాకా ఉన్నాయి. గుండు తేలుతోంది. మూత బిగించి వచ్చి, బల్బు వెనక నుంచి వైరు పీకేశాను. వైరు నా చేతిలోనే ఉంది.

బల్బు ఆరలేదు.

ఇంజన్ ముందు నుంచి ఆవిరి లేచింది. మళ్ళీ మూత తీశాను. చుక్క నీరు లేదు. బండి కింద ఇసుక చేత్తో తడిమి చూశాను. పొడిగా ఉంది.

మస్తాన్‌రావు ఒక డబ్బా ఎత్తి పోశాడు. గుటక్... గుటక్... డబ్బా సగమైంది. నీళ్ళు పైకి రావడం లేదు. నేను చెవి దగ్గరగా పెట్టి విన్నాను. గుటకలు మధ్యలో ఆగుతున్నాయి. ఊపిరి తీసుకుంటోంది. మళ్ళీ తాగుతోంది.

డబ్బా ఖాళీ అయింది.

"ఉప్పెన వెళ్ళిన మూడో రోజు బాబాయ్," అన్నాడు వాడు, గొంతు తగ్గించి. "బావులన్నీ ఉప్పే. ఈ చెట్టు కింద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. గుక్కెడు పొయ్యి నాయనా అంది. ఇంజన్ నీళ్ళు మామ్మా, ఇవ్వకూడదు అన్నాను. తిరిగొచ్చేసరికి అక్కడే... నోరు తెరుచుకుని ఉంది."

వాడు రెండో డబ్బా అందుకున్నాడు. అప్పుడు నా నోటి నుంచి ఏమొచ్చిందో చెప్పడానికి సిగ్గేస్తుంది. "అది ముట్టుకోకు, ఇంజన్ పట్టేస్తుంది," అన్నాను.

వాడు నా వంక ఒక్కసారి చూసి, డబ్బాతో చెట్లలోకి వెళ్ళిపోయాడు.

చీకటి చిక్కబడింది. చెట్లలో ఎవరో మాట్లాడుతున్నారు. ఒకటి మస్తాన్‌రావు గొంతు. రెండోది... ఎండిన తాటాకు రాసుకున్నట్టు ఉంది.

ఎర్ర బల్బు ఆరిపోయింది.

వాడు ఖాళీ డబ్బాతో వచ్చాడు. రేడియేటర్ మూత తీస్తే నీళ్ళు అంచుదాకా ఉన్నాయి. బండి ఒక్క తిప్పుకే అందుకుంది. రేవు దీపాలు కనబడ్డాయి.

"ఇవ్వొద్దని నీకెవరు చెప్పారు నాయనా అని అడిగింది," అన్నాడు. "మీ పేరు చెప్పాను బాబాయ్. షెడ్డు ఎక్కడో కూడా అడిగింది."

ఆ తర్వాత వాడి బండిలో బల్బు వెలగలేదు. షావుకారు సరుకు వాడికే ఉంచాడు.

అప్పట్నుంచీ నేను షెడ్డులోనే పడుకుంటాను. తాళం లోపలి నుంచి నేనే వేసుకుంటాను. రాత్రి కుండ నింపి, మూత మీద ఇత్తడి గ్లాసు బోర్లించి పడుకుంటాను. పొద్దున్నకి కుండ ఎండిపోయి ఉంటుంది. గ్లాసు నిలబెట్టి ఉంటుంది. దాని అంచున పెదవులు ఆనిన మేర తెల్లగా ఉప్పు.

ఇవాళ గ్లాసు బోర్లించినట్టే ఉంది. కుండ నిండుగా ఉంది. హమ్మయ్య అనుకుని, ఎండిపోయిన పెదవులు నాలుకతో తడుపుకున్నాను.

ఉప్పు నా పెదవుల మీద ఉంది.