రాళ్లేరిన చేను

అసిరయ్య ఆ ఉదయం చోడి అంబలి తాగి, ఉతికిన పంచె కట్టుకున్నాడు. ఉగాది దాటింది. కౌలు మాట మళ్లీ అనిపించుకోవడానికి కోటబొమ్మాళిలో నరసింగరావు ఇంటికి వెళ్లాలి. ఏటా ఇదే పద్ధతి. కాగితం లేదు, సంతకం లేదు. ఆసామి అరుగు మీద కూర్చుని "చేసుకోరా" అంటే చేసుకోవడమే.

వెళ్తూ వెళ్తూ, ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉన్న కూతురు అనితకి సుద్దులు చెప్పడం మానలేదు. ఆమె డిగ్రీ మధ్యలో ఆపి నరసన్నపేటలో ఒక బట్టల కొట్టులో చేరింది. పొద్దస్తమానం నిలబడి చీరలు విప్పడం, మడత పెట్టడం. కాళ్లు వాచిపోతున్నాయని తల్లితో అనడం అతని చెవిన పడింది. అంతే, ఒళ్లు దాచుకునేవాళ్లకి కలిసిరాదని, కష్టాన్ని నమ్ముకున్నవాడు చెడడని అందుకున్నాడు. ఆ ఇంట్లో ఉప్పుకన్నా ఎక్కువ ఖర్చయిన మాట అది.

కష్టం సంగతి తెలియాలంటే అతని భార్య లక్ష్మణమ్మ మెడ చూస్తే చాలు. నరసింగరావు చేను చేతికొచ్చిన కొత్తలో గునపం దిగేది కాదు. మొగుడు రాళ్లు పెకలిస్తే ఆమె గంపకెత్తి గట్టు మీద పోసింది. చెరువు మట్టి తెచ్చి పరిచింది. ఇప్పుడు పక్కనుంచి ఎవరైనా పిలిస్తే మెడ తిరగదు, మనిషి మొత్తం తిరగాలి. కిందటేడు మొదటిసారి వేరుశనగ విరగకాసింది. ఇంకొక్క పంట అలా వస్తే అనిత కొట్టు మానేసి మళ్లీ కాలేజీకి వెళ్లొచ్చని ముగ్గురి ఆశా.

మధ్యాహ్నానికి అసిరయ్య నవ్వు మొహంతో తిరిగొచ్చాడు. నరసింగరావు అరుగు మీద కూర్చోబెట్టి నలుగురిలో పొగిడాడట. కుర్రాళ్లు వీణ్ని చూసి నేర్చుకోవాలన్నాడట. కాఫీ కూడా ఇప్పించాడట. చేను మాత్రం ఈ ఏడు ఊళ్లో ట్రాక్టరున్న ఎల్లాజీకి ఇస్తున్నాడట. బాగుపడిన భూమి కదా, ఎల్లాజీ ఎక్కువ కౌలు ఇస్తానన్నాడు. బదులుగా కొండవార ఉన్న ముళ్లతుప్పల మెట్ట మనకిస్తాడట. నీ చెయ్యి పడితే అదీ బంగారమవుతుందన్నాడట. అసిరయ్య దండం పెట్టి వచ్చేశాడు.

 అనితకి ఆ కాఫీ, ఆ పొగడ్త తల్చుకుంటేనే రోత. అవి తాగొచ్చిన తండ్రి మొహంలో సంతోషం చూస్తే ఇంకా రోత.

"కాఫీ తాగి సేను ఇచ్చేసొచ్చావా నాన్నా?" అంది.

"కష్టపడేవోడికి ఏ సేనైనా ఒకటేనే."

"ఒకటే అయితే ఆ మెట్ట ఎల్లాజీకే ఇమ్మను. ఆయనకి నీ కష్టం కావాల, నువ్వు అక్కర్లేదు. ఆ మాత్రం నీకు తెల్దేటి? నిన్ను సూస్తే నాకు అసయ్యమేస్తాంది."

అసిరయ్య చెయ్యెత్తాడు. లక్ష్మణమ్మ మధ్యకొచ్చి నిలబడింది. మొగుడికి ఎదురు చెప్పి ఎరగని మనిషి.

"దాన్నెందుకు కొడతావు మావా? దీనికి ముందు సెరువుకాడ మడి ఇలాగే బాగుసేసి ఇచ్చేసినాం. దానికి ముందు రైలుకట్ట పక్కది. సీమలు పెట్టిన పుట్టల్లో పాములు సేరినట్టున్నాది మన బతుకు. కష్టపడితే పైకొస్తామని పెళ్లయిన కాణ్నుంచి వింటన్నాను. మనకన్నా కష్టపడినోలు ఈ ఊర్లో ఎవలున్నారో సెప్పు. ఈపాటికి మనవే కదా పెద్ద ఆసాములం అవ్వాల? నాను ఇంక గంప ఎత్తలేను."

అతని చెయ్యి దిగిపోయింది. బయటికి నడిచాడు.

సాయంత్రమైనా రాకపోతే అనిత వెతుక్కుంటూ వెళ్లింది. తండ్రి చేని గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎల్లాజీ ట్రాక్టరు అప్పుడే దుక్కి మొదలుపెట్టింది. రాయి తగిలిన చప్పుడు ఒక్కటి కూడా లేకుండా సాఫీగా పోతోంది. కోపంగా వచ్చిన పిల్ల పక్కన కూర్చుంది.

"ఆ కొండవార మెట్ట వద్దని రేపెల్లి సెప్పొచ్చేస్తాను," అన్నాడు అసిరయ్య. కాసేపు దుక్కినే చూశాడు.

"ఎంత మెత్తగా దిగుతాందో సూడమ్మా. దీన్ని రాళ్లు రాళ్లుగానే ఒగ్గేసుంటే ఇంకా మన సేతిలోనే ఉండును."

అంత పెద్ద మనిషీ మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అనిత అతని చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, ట్రాక్టరు వెళ్లిపోయేదాకా వదల్లేదు.