తుఫాను బంగళాలో దాహం

అక్కుపల్లి దాటాక, జీడితోటల మధ్యనుంచి సముద్రం వైపు పోయే ఇసుక దారిలో ఓ పాత తుఫాను షెల్టరు ఉండేది. అందరూ దాన్ని తుఫాను బంగళా అనేవారు. లావాటి స్తంభాల మీద ఒకే ఒక్క గది, బయటనుంచి మెట్లు. ఒకప్పుడు గాలివానలో ఊరంతటినీ దాచిన గది. తర్వాత పెచ్చులూడి, తలుపులు పోయి, గబ్బిలాల పాలైంది.

పొద్దుగూకితే ఆ పక్కకి ఎవరూ పోరు.

ఓ తుఫాను రాత్రి ఆ గదిలోనే ఒకావిడ పురుడు పోసుకుందట. పచ్చి బాలింతకి నీళ్ళివ్వకూడదని ముసలాళ్ళు పట్టుబట్టారట. నీళ్ళు, నీళ్ళు అంటూనే తెల్లారేసరికి పోయిందట. బయట మోకాలి లోతు నీళ్ళు... ఆవిడ గొంతులోకి మాత్రం చుక్క దిగలేదు.

అప్పటినుంచి రాత్రిళ్ళు ఆ మెట్ల మీంచి పిలుస్తుందని చెప్పుకునేవారు. సన్నగా... ఆయాసంగా...

"నీళ్ళు..."

పలికావో, నీ వెనకే వచ్చేస్తుందట!

ఈ సంగతి నాకు చెప్పింది ఫ్లోరెన్స్ సిస్టర్. రెండువేల ఐదో, ఆరో... నేను పలాసలో ఒక మందుల షాపులో పనిచేస్తుండేవాణ్ణి. ఆవిడ మిషను ఆసుపత్రిలో పని నేర్చుకుని, తర్వాత ఇళ్ళకే వెళ్ళి రోగుల్ని చూసుకునేది. సూదిమందులు, పుళ్ళకి కట్లు, మూత్రం గొట్టాలు మార్చడం — అన్నీ ఆవిడే. వారానికోసారి మా షాపుకొచ్చి సిరంజీలూ గ్లౌజులూ సంచీ నిండా పట్టుకెళ్ళేది. నలభై అయిదేళ్ళుంటాయి, పెళ్ళి చేసుకోలేదు. ఎన్ని శవాల్ని కడిగిన చెయ్యో అది. దెయ్యాలకి జడిసే మనిషి కాదు.

ఆ ఏడాది ఆవిడ ఎక్కువగా వెళ్ళింది అక్కుపల్లిలో వనజ ఇంటికి.

వనజకి ముప్ఫై రెండేళ్ళు. సముద్రం మీద బతికే కుటుంబం. మొగుడు శ్రీను సీజనుకి గుజరాత్ వెళ్ళి, వెరావల్ బోట్లలో పనిచేసేవాడు. ఇంట్లో అత్త సింహాచలమ్మ. వనజకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. మా ఉద్దానంలో ఆ జబ్బు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు... ఆ ఇంట్లోనే మామగారు దాంతో పోయాడు, తర్వాత బావగారు పోయాడు.

ఫ్లోరెన్స్ సిస్టర్ రోజూ వెళ్ళి బీపీ చూసి, మందులు మింగించి, వారానికి రెండుసార్లు రైల్లో విశాఖపట్నం తీసుకెళ్ళి డయాలసిస్ చేయించి తెచ్చేది. అలా ఎనిమిది నెలలు. ఆ జబ్బుకి నీళ్ళు కొలిచి ఇవ్వాలి, రోజు మొత్తానికి అర లీటరు. మే నెల ఎండలో కూడా అంతే. వనజ ఏడ్చేది, తిట్టేది, చివరికి బేరం పెట్టేది —

"అప్పా, ఒక్క గుక్క. రేపు తాగనులే..."

అప్ప అంటే మా వైపు అక్క. ఫ్లోరెన్స్ సిస్టరుకి తోబుట్టువులు లేరు. ఆ పిలుపు కోసమే అంత దూరం వెళ్ళేదేమో అనిపించేది నాకు. సిస్టర్ వచ్చే వేళకి వనజ కవ్వళ్ళ చేపలు వేయించి, పళ్ళెం బోర్లించి దాచేదట.

ఒకరోజు పొద్దున్నే షాపు ఫోను మోగింది. ఎత్తింది నేనే. అవతల సింహాచలమ్మ.

"నర్సమ్మకి సెప్పు బాబూ... వనజ ఎల్లిపోనాది. రేత్రి ఇశాపట్నం తీసుకెల్తంటే తోవలోనే... అక్కడే కాల్సేసినాం. ఇంక రావొద్దని సెప్పు. ఇంటికి తాళమేసి మా సుట్టాలూరు ఎల్తన్నాం. శ్రీను వచ్చినాక కబురెడతాం."

సిస్టరుకి ఆ మాట చెప్పినప్పుడు ఆవిడ ఏడవలేదు. షాపు బల్లమీద కూర్చుని, సంచీలోంచి బీపీ మిషను తీసి మళ్ళీ లోపల పెట్టింది. "నేను లేకుండా ఎందుకు బయల్దేరారు?" అని మాత్రం అడిగింది.

పదో రోజు సాయంత్రం... ఆ జీడితోటల అవతల యోనా అనే ముసలాయనకి మూత్రం గొట్టం మూసుకుపోయిందని కబురొచ్చింది. రూబెన్ ఆటోలో వెళ్ళింది. తోట మొదట్లోనే ఆటో ఆపేశాడు రూబెన్.

"సిస్టర్, నాను ఇక్కడే ఉంటాను. ఆ బంగళా ముందునుంచి రాను."

"ఇంకా అదేనా రూబెన్? ప్రార్థనకి వస్తావు కదా..."

"నవ్వకండి. వారం నించి మల్లీ మొదలైంది. మొన్న వలలోళ్ళు ఇన్నారు. నీళ్ళూ అని పిలిసిందట!"

సిస్టర్ నడిచి వెళ్ళింది. యోనాకి గొట్టం మార్చి, ఆయన నెమ్మదించేదాకా కూర్చుని బయల్దేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర దాటింది. చేతిలో టార్చి, భుజాన సంచీ. చంద్రుడు లేడు. జీడి ఆకులు కాళ్ళ కింద చిటపటమంటున్నాయి. సముద్రం హోరు ఒక్కటే...

బంగళా నల్లగా కనిపించింది.

అడుగు వేగం పెంచింది. స్తంభాలు దాటింది. మెట్లు దాటింది. అప్పుడు —

"నీళ్ళు..."

గాలి అనుకుంది. ఆగలేదు.

"నీళ్ళు..."

ఆవిడ పెదాలమీద ప్రార్థన దానంతటదే కదులుతోంది. వెనక్కి తిరక్కూడదు, పలకకూడదు... ఇంకో పది అడుగులు వేసి ఉంటుంది.

"అప్పా... ఒక్క గుక్క. రేపు తాగనులే..."

సిస్టర్ కాళ్ళు ఇసుకలో దిగబడిపోయాయి.

అది వనజ గొంతు! పది రోజుల కిందట బూడిదైన వనజ గొంతు. ఆ బేరం వాళ్ళిద్దరికీ తప్ప ఇంకొకళ్ళకి తెలీదు.

"అక్కడే పరిగెత్తాల్సింది నేను," అంది నాతో. "పరిగెత్తలేకపోయాను. ఎనిమిది నెలలు ఆ గొంతుకి నీళ్ళు లేవని చెప్పింది నేనే. చచ్చాక కూడా అడుగుతుంటే ఎలా పోను?"

వెనక్కి తిరిగింది. ఒక్కొక్క మెట్టూ ఎక్కింది. పై మెట్టుమీద, గోడకి జారగిలబడి ఓ ఆకారం... విరబోసుకున్న జుట్టు, ఉబ్బిన ముఖం, కళ్ళు రెండు గీతల్లా. గబ్బిలం ఒకటి ముఖం మీదుగా దూసుకుపోయింది. టార్చి జారి, మెట్లమీద దొర్లి ఆరిపోయింది.

చీకటి.

చల్లటి చెయ్యి ఒకటి ఆవిడ మణికట్టు పట్టుకుంది...

విదిలించుకోబోయి సిస్టర్ ఆ చేతినే పట్టుకుంది. అంతే, ఆగిపోయింది. ముంజేతిమీద, ఆవిడ వేళ్ళ కింద, చర్మంలో ఏదో జుమ్మని అదురుతోంది. డయాలసిస్ చేయించుకునేవాళ్ళకి అక్కడ రెండు రక్తనాళాలు కలిపి కుడతారు. నెత్తురు జోరుగా పారి, వేలు పెడితే లోపల తుమ్మెద దూరినట్టు మోగుతుంది. రోజూ చూసే చోటే అది. అది మోగినంతకాలం మనిషి ఉన్నట్టు.

"వనజా! నువ్వు... బతికే ఉన్నావా?"

ఆయాసం. పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చుని, మగతలో పలవరిస్తోంది.

కింద మెట్లమీద వెలుగు. ఒక చేత్తో లాంతరు, చంకన నీళ్ళబిందె పెట్టుకుని సింహాచలమ్మ ఎక్కి వస్తోంది. సిస్టర్ని చూసింది. బిందె జారిపోయింది.

"చచ్చిపోయిందన్నావు!" సిస్టర్ గొంతు చీరుకుపోయింది. "పది రోజులు, పది రోజులూ దీని కోసం ఏడ్చాను. నాకు చుట్టాలూరని చెప్పి, దీన్ని దెయ్యాల కొంపలో పడేసి చంపుతున్నావా? శ్రీను అక్కడ కష్టపడుతుంటే..."

ముసలిది మెట్టుమీద కూలబడి నోట్లో కొంగు కుక్కుకుంది.

నీళ్ళ చప్పుడుకి కాబోలు, వనజ కళ్ళు తెరిచింది.

"అత్తనేటీ అనకు అప్పా... నానే సెప్పించినాను."

సిస్టరుకి అర్థం కాలేదు.

"ఈ జాగాకి ఎవులూ రారని... నానే తెమ్మన్నాను. ఊరోళ్ళకి ఆసుపత్రిలో ఉన్నానని సెప్పమన్నాను. నీకు సచ్చిపోనానని సెప్పమన్నాను. నీకు తెలిస్తే బతికించేత్తావు..."

"నన్ను మోసం చేశావా వనజా?"

"ముందు నువ్వు సేసినావు."

ఆ మాట మెత్తగానే అంది. ఊపిరి కూడదీసుకుని మళ్ళీ అంది.

"నీ సంచీలో సూసినాను అప్పా. ఆయన పేరుమీద కాయితాలు. ఆయన కిడ్నీ నాకెయ్యడానికి పరీక్షలు. వద్దని నీ సేత ఒట్టేయించుకున్నానా లేదా? సరేనని... నాకు తెలీకండా ఆయన్ని ఇశాపట్నం తీసుకెల్లినావు."

నిజమే. శ్రీను కాళ్ళు పట్టుకున్నంత పని చేస్తే, వెరావల్ వెళ్ళేముందు ఆవిడే పరీక్షలు చేయించింది. ఆఖరి రిపోర్టు ఒక్కటే రావాలి. వనజ బతుకుతుంది కదా, తర్వాత తిట్టినా పడదాం అనుకుంది.

"మావ పోనాడు, బావ పోనాడు. ఈ ఇంటి మగోళ్ళకి రాసిపెట్టినట్టుంది. ఆయన ఒకటి నాకిచ్చేసి, రేపు ఆ రెండోదీ పాడైతే? అత్తకి ఇంకెవులున్నారు? నాను ముందే ఎల్లిపోతే... ఆయన దగ్గర రెండూ ఉంటాయి."

సింహాచలమ్మ అప్పుడు బావురుమంది. "నా కొడుకు బతకాలనే ఒప్పుకున్నానమ్మా... దీన్ని ఇక్కడ కూకోబెట్టి రోజూ నానే సచ్చిపోతన్నాను..."

సిస్టర్ వనజ పక్కన కూర్చుంది. కోపం ఎవరిమీద పెట్టుకోవాలో తెలియలేదట. చివరికి అంది — "ఆసుపత్రికి పద. శ్రీను కిడ్నీ జోలికి వెళ్ళను. దేవుడి సాక్షి."

"నీ మాట నానెలా నమ్మేది అప్పా?"

"ఏం చేస్తే నమ్ముతావు?"

వనజ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"జత కలవలేదని ఆయనకి నువ్వే సెప్పాలి. నాను సెప్తే ఇనడు, అత్త సెప్తే ఇనడు. నీ మాటొక్కటే నమ్ముతాడు. సెప్తావా... అప్పుడు వత్తాను."

సిస్టర్ సరేనంది.

ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని వనజని దింపారు. తోట మొదట్లో రూబెన్ ఆటో లైటు వేశాడు. ముగ్గురాడవాళ్ళు, మధ్యలో చచ్చిపోయిన మనిషి... "ఓలమ్మో!" అని ఒక్క కేక పెట్టి, ఆటో వదిలేసి రోడ్డెక్కి పరుగు! సిస్టర్ పేరు పెట్టి తిట్టి, ఏసుప్రభువు మీద ఒట్టేసి పిలిస్తేగానీ వెనక్కి రాలేదు. ఆ రాత్రి ఎలాగో రైలెక్కించారు.

వనజ దక్కింది. డయాలసిస్ మీదే ఇంకో మూడేళ్ళు ఉంది.

ఆ రాత్రి గడిచిన నాలుగో రోజున సిస్టర్ మా షాపుకొచ్చింది. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. చేతిలో ఆసుపత్రి కవరు. షాపు ఫోనుమీంచే వెరావల్‌కి కలపమంది. బోట్ల కంపెనీవాళ్ళు శ్రీనుని పిలిచేసరికి చాలాసేపు పట్టింది. మిట్టమధ్యాహ్నం వేళ, షాపులో ఎవరూ లేరు. అతని గొంతు నాక్కూడా వినిపిస్తోంది.

"శ్రీనూ, ఆఖరి రిపోర్టు వచ్చింది. కలవలేదు."

అవతల బోటు ఇంజన్ల మోత.

"మల్లీ సేయించుదామా అప్పా? నానొచ్చేత్తాను, రేపే బయల్దేరతాను..."

"ఎన్నిసార్లు చేయించినా అంతే."

ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"నువ్వు సెప్పినావంటే ఇంకేటుంది... దాన్ని నువ్వే సూసుకో అప్పా. నువ్వు తప్ప మాకెవులున్నారు?"

ఫోను పెట్టేసింది. బల్లమీద కూర్చుని, బంగళా సంగతి మొదలుకొని అంతా చెప్పింది. చెప్పడం అయ్యాక కవర్లోంచి కాగితం తీసి నా ముందు పెట్టింది.

"నేను సరిగ్గానే చదివానో లేదో... నువ్వోసారి చూడు."

చూశాను. కింద డాక్టరు సంతకం, స్టాంపు. మళ్ళీ మొదట్నించీ చదివాను.

కలిసిందనే ఉంది.