కడగని చేప

కోమలి మొదటిసారి జోయల్ మీద కోప్పడింది, చేపలు మరీ శుభ్రంగా ఉన్నందుకు.

తిరుచానూరు పిల్ల. ఏర్పేడు దగ్గర ఏటిలో చేపల ఆరోగ్యం ఎలా ఉందో, నీళ్లలో విషం ఎంతుందో తేల్చడానికి తిరుపతి ల్యాబ్ నుంచి వచ్చింది. శాంపిల్‌కి పన్నెండు జిలేబీ చేపలు పట్టి పెట్టమంటే, అక్కడ వల వేసే జోయల్ ఉప్పూ పసుపూ పట్టించిన ముక్కలు స్టీలు డబ్బాలో పెట్టిచ్చాడు.

"కార్జం యాడ? మొప్పలు యాడ?"

"మా నాయన తీసేసినాడు మేడం. కడక్కుండా ఎవురికీ చేప ఇయ్యడు."

"నాకు కావాల్సింది అవేనప్పా. కూర వండేదానికి వచ్చినానా నేను?"

"వండితే తినేదానికి నేనుండాను."

నవ్వు ఆపుకోలేక ఆమె ఐస్ డబ్బాలోకి తల దూర్చింది. జోయల్ పని ఆ క్షణమే అయిపోయింది.

ఆ తర్వాత నాలుగు నెలలు, అతడు వల వేయడం, ఆమె గట్టు మీదే కోసి చూడటం. కబుర్లు పెరిగాయి, చేపలు తగ్గాయి. దొరికినవాటి కార్జాల మీద తెల్లటి గడ్డలు.

ఒక గురువారం ఆమె నవ్వలేదు. "సీసం శానా ఎక్కువుండాది జోయల్. ఫ్యాక్టరీ నీళ్లు ఏట్లో కలిసే కాలువ కాడ ఆరు చేపలు చూస్తే రిపోర్టు ఇచ్చేస్తాను. ఈడ వల వేసేది ఆపేస్తారు."

"మా కడుపు కొట్టేదానికా ఇన్నాళ్లూ నవ్వింది?"

అనకూడని మాట. ఆమె డబ్బా సర్దుకుని వెళ్లిపోయింది.

ఇంటికొస్తే తండ్రి జయరావు పెరట్లో చేపలు కోస్తున్నాడు. కొడుకును చూసి ఒక కార్జాన్ని గబుక్కున బూడిదలోకి తోశాడు. జోయల్ దాన్ని పైకి తీశాడు. అవే గడ్డలు.

"ఎన్నాళ్లనుంచి నాయనా?"

"రెండేండ్లు. కడిగేస్తే ఎవురికి తెలుస్తాదిరా."

"అమ్మకు నీసు పడదని ఇంట్లో చేప మానిపిస్తివే?"

"పడక కాదు."

"మరి కొనుక్కునేవాళ్లు?"

జయరావు ఇంకో చేప అందుకున్నాడు. జోయల్ వల భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

మర్నాడు ల్యాబ్ గేటు ముందు ఐస్ డబ్బాతో నిలబడ్డాడు. వాన పడుతున్నా పక్కకు జరగలేదు. కోమలి గొడుగుతో వచ్చింది.

"కాలువ కాడ పట్టినా. ఆరు. మా నాయన చెయ్యి పడలేదు. ఆయనకు రెండేండ్లుగా తెలుసు, అది కూడా రాసుకో."

"మీ బతుకు?"

"రేణిగుంట గోడౌన్లో లోడింగు పని అడిగినా." డబ్బా ఆమె ముందు పెట్టాడు. "నువ్వంటే నాకు ఇష్టం కోమలీ. ఈ మాట కూడా దాచుకోలేను. నీ కోపం నీకుండనీ."

ఆమె గొడుగు అతడి మీదికి జరిపి, డబ్బా మూత తీసింది. ఆరూ లెక్కపెట్టి మళ్లీ మూసింది.

"కోపం ఉండాది," అంది. "అయినా లోపలికి రా. ఇవి కోసేటప్పుడు నా పక్కన ఉండు. ఒక్కదాన్నే చూడలేను."